వరి డబ్బాకు అప్పు

కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో వరి తప్ప ఇంకో పంట పేరెత్తితే నవ్వుతున్నారు. మా ఆయన నరహరికీ అదే పిచ్చి పట్టింది. మాకు రెండెకరాల్లో వరి, బోరు పక్కన అరెకరంలో నేను పెంచే బీర, కాకర పందిరి, కొట్టంలో రెండు బర్రెలు ఉన్నాయి. వానాకాలం తర్వాత వేసే యాసంగికి ఆ పందిరి పీకేసి, చదును చేయించి, అక్కడ కూడా వరే పెట్టాలని ఆయన పట్టు. కూరగాయలవి చిల్లర పైసలట. వరివే పైసలట.

నాకు ఒళ్లు మండింది. వడ్ల పైసలు ఒక్కసారే బ్యాంకు ఖాతాలో పడతాయి, ఫోన్ మోగుతుంది, ఊరంతా తెలుస్తుంది. నేను సిద్దిపేట రైతుబజారు నుంచి కొంగున కట్టుకొచ్చినవి మాత్రం నూనెకు, గ్యాసుకు, అదే వరి కలుపు కూలికి కనపడకుండా పోతాయి. మా ఇళ్లలో ఆడవాళ్లు తెచ్చిన చిల్లరను ఎవరూ రాబడి అనరు. నాకన్నా ముందు ఆ పందిరి కింద నడుం వంచిన మా అత్త రామవ్వ కూడా అనలేదు. తనను సాకింది వరేనని ఆమె నమ్మకం.

పందిరి జోలికి రావద్దని మొహం మీదే చెప్పాను. ఆయన వినలేదు. అయితే ఈ వానాకాలం ఏ పంట ఖర్చు ఆ పంటే పెట్టుకోవాలి, చివరికి ఏ పంటకు ఎక్కువ మిగిలితే ఆ అరెకరంలో అదే ఉంటుంది అన్నాను. నవ్వుతూ ఒప్పుకున్నాడు. లెక్క కలవకుండా ఖాళీ బిస్కెట్ల డబ్బాలు మూడు అలమారలో పెట్టాను. ఒకటి వరిది, ఒకటి పందిరిది, ఒకటి బర్రెలది.

దున్నకానికి, నాట్లకు, యూరియాకే వరి డబ్బా ఖాళీ అయింది. కలుపు తీసిన రోజు సాయంత్రం కూలికొచ్చిన ఆడవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. మా ఆయన అలవాటు కొద్దీ పందిరి డబ్బా అందుకోబోయాడు. నేను మూత మీద చెయ్యి పెట్టాను.

"గది పందిరిది. వరి కూలి వరే ఇయ్యాలె."

"అందరు చూస్తున్రు. ఇజ్జత్ తీస్తవా?"

"తియ్య. అప్పిస్త. చీటీ రాసి నీ వరి డబ్బల వెయ్యి."

పళ్లు కొరుకుతూ రాశాడు. కూలి పైసలు అప్పుడే ఇచ్చేశాను. మా పంతానికి వాళ్లను కూర్చోబెట్టడం తప్పు. తర్వాత పురుగుల మందుకు ఒక చీటీ, కోత మిషన్‌కు ఇంకోటి పడ్డాయి. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం నా బీరకాయ కూరతోనే తిన్నాడు.

వడ్ల పైసలు పడగానే మీసం దువ్వుకుంటూ వచ్చాడు. ముందు చీటీలు తీర్చమన్నాను. బర్రెలు తిన్న గడ్డి వరిదే కాబట్టి దాని ధర బర్రెల డబ్బాలోంచి తీసి వరికి ఇచ్చాను. మడికి పోయిన బర్రెల పెంట ధర దయతలచి వదిలేశాను. యాసంగి వరికి కోత దాకా అయ్యే ఖర్చు కూడా పక్కన పెట్టమన్నాను, మళ్లీ నా దగ్గర చెయ్యి చాపకుండా. అన్నీ పోగా వరి డబ్బాలో మిగిలింది గుప్పిట్లో పట్టింది. పందిరి డబ్బాకు మూత పట్టలేదు.

రామవ్వ ఆ రెండు డబ్బాలనూ ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తి చూసింది.

"నేను కాకరకాయలు అమ్మినప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

"గిట్లనే ఉండె, అత్తమ్మా."

"నన్ను సాకుతున్ననని మీ మామ సచ్చేదాక అన్నడు గదనే."

నాకు ఏడుపొచ్చింది. నరహరి తల వంచుకుని బయటికి పోయాడు.

ఓడిపోయాడు కదా, ఊరుకుంటాడనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు. ముందే మాట్లాడి పెట్టిన రాజేశ్ చదును చేసే బ్లేడుతో పందిరి దగ్గర ఆగాడు. మా ఆయన ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాడట, ఇప్పుడు వద్దంటే పరువు పోతుందట. నేను వెళ్లి ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాను.

"కిరాయి ఏ డబ్బలకెళ్లి ఇస్తవ్?"

మా ఆయన ఇంట్లో అలమార ఉన్న దిక్కు చూశాడు.

"పందిరి పీకే కిరాయి పందిరి ఇయ్యది," అన్నాను.

రాజేశ్ ఇంజను ఆపలేదు, ముందుకూ రాలేదు. అప్పుడు నా వెనక నుంచి రామవ్వ గంప పట్టుకుని వచ్చింది. కొడుకు వైపు చూడనైనా చూడలేదు.

"బండి మలుపుకో బిడ్డా," అంది రాజేశ్‌తో. "నన్ను సాకింది గీ పందిరే."