నాలుగో పొర

మామా కోడళ్లిద్దరూ ఒకే పరిశోధనశాలలో పనిచేసేవారు. ఆమె ఇంజనీరు. ఆయనది జిగురు పని. డిస్కులో సమాచారం దాచే పొరలను ఒకదానిపై ఒకటి అతికించాలంటే మధ్యలో వెంట్రుకలో ఐదో వంతు మందాన జిగురు పరుచుకోవాలి. ఆయన చేతిలో అది వీసమెత్తు తేడా లేకుండా వచ్చేది. ఇంట్లో "అమ్మాయ్" అని పిలిచే మనిషి, శాలలో మాత్రం అందరితో పాటు "మేడం" అనేవారు.

పాత డిస్కుకు రెట్టింపు సమాచారం పట్టాలని ఈసారి నాలుగు పొరలు వేశారు. మూడు నెలలైనా నాలుగో పొర లొంగలేదు. సమాచారాన్ని చదివే లేజరు వెలుగు అక్కడికి చేరేసరికి అంతా అలికేసినట్టు అయ్యేది. తప్పు తనదేననుకున్నారు మామగారు. తిండి సహించేది కాదు. మళ్లీ మళ్లీ అతికించారు, ఇంకా సమంగా.

ఒక మధ్యాహ్నం కోడలికి లెక్క తేలింది. పొరల మధ్య దూరాలన్నీ ఒకేలా ఉండటంతో, పై పొరలకు తగిలి తిరిగొచ్చే వెలుగు నాలుగో పొర వెలుగుతో కలిసిపోతోంది. ఆయన చెయ్యి ఒక్కసారైనా జారి ఉంటే ఆ పొర చదవడానికి వచ్చేదేమో.

ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు నాన్చింది. చివరికి పరిశోధనశాల భోజనాల గదిలో ఎదురుగా కూర్చుని చెప్పేసింది.

ఆయన అన్నం డబ్బా మూత అటూ ఇటూ తిప్పారు.

"అంటే, బాగా చేసినందుకే పాడైందంటావు."

"మీరంత సమంగా చెయ్యబట్టే తెలిసింది మావయ్యా. ఇంకెవరైనా అయితే ఒక డిస్కు చదవడానికి వచ్చేది, ఇంకోటి మొరాయించేది. కారణం జన్మలో దొరికేది కాదు."

"ఓదార్పా, నిజమా?"

"లెక్క చూపించమంటారా?"

"వద్దులే. అంత చాదస్తం పనికిరాదని మీ అత్తయ్య మొత్తుకునేది. ఇన్నాళ్లకి ఆవిడ మాటకి సాక్ష్యం దొరికింది." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు ఆమె మూడు దూరాలకు మూడు కొలతలు రాసిచ్చింది. కావాలని తేడాగా చెయ్యడం ఆయనకు చేదుమందు మింగినట్టే ఉంది. మొదటి డిస్కులో బుడగలు వచ్చాయి. రెండోది వంకర తిరిగింది. మూడోదాన్ని యంత్రంలో పెడితే, నాలుగో పొరలోనిదంతా పొల్లు పోకుండా తెర మీదికి దిగింది.

గదంతా చప్పట్లు. డైరెక్టరు కోడలి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆమె విడిపించుకుని మామగారి కోసం వెతికింది. ఆయన అప్పటికే బల్ల దగ్గర చేతితొడుగులు వేసుకుంటున్నారు.

"ఎక్కడికి మావయ్యా, రండి!"

"ఒక్కటే పనిచేస్తే అదృష్టం అంటారమ్మా. ఇంకో పదైనా చేసి చూపించాలి," అన్నారు జిగురు సీసా మూత తీస్తూ. "నువ్వే ఇలా రా, ఆ కొలతలు చదివి పెట్టు. కళ్లద్దాలు మసకబారాయి."

ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, మొదటి కొలత నెమ్మదిగా చదివింది.