చల్లారిన తొట్టి

మళ్ళీ ముంచి తీసినా చీరకు రంగు సరిగ్గా పట్టలేదు. అంచు దగ్గర వెలవెలబోయింది, మధ్యలో చుక్కలు చుక్కలుగా నల్లబడింది. అండాలమ్మ తొట్టి అడుగున చెయ్యి పెట్టి చూసింది. ఉప్పు పలుకులు గాజు పెంకుల్లా వేళ్ళకు గుచ్చుకున్నాయి. జనవరి చలికి నీళ్ళు జివ్వుమంటున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ అద్దకం షాపు జోగారావుది. గుడ్డకు రంగు పట్టడానికి నీళ్ళలో ఒక రకం ఉప్పు వేస్తారు. నిన్న సాయంత్రం అండాలమ్మ దాన్ని మరిగే నీళ్ళలో పలుకు మిగలకుండా కరిగించింది. పొద్దున స్టవ్ వెలిగించబోతే జోగారావు వద్దన్నాడు. సిలిండర్ ధర పెరిగిందట, కలిపిన నీళ్ళు కలిపినట్టే ఉన్నాయట.

ఇప్పుడు ఆయనే వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు.

“ఇదేంటి, ఉప్పంతా అడుగునే ఉంది. కర్ర తిప్పడానిక్కూడా బద్ధకమేనా నీకు?”

“నిన్న మొత్తం కరిగింది సార్. రాత్రి నీళ్లు సల్లగైనయ్, మల్ల పేరుకున్నది. ఏడి నీళ్లు పట్టుకున్నంత ఉప్పు సల్లనీళ్లు పట్టుకోవు.”

“కరిగింది మళ్ళీ గడ్డ కడుతుందా? ఎవరికి చెప్తున్నావు? ఈ చీర చంపాపేట్ టీచర్ గారిది. దీని ఖరీదు నీ జీతంలోంచే పోతుంది.”

అండాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. వచ్చేది పదకొండు వేలు, అందులో ఎల్బీ నగర్ గది కిరాయికే నాలుగు వేలు. నీళ్ళు చల్లారితే ఉప్పు పేరుకుంటుందని ఆ సందులో అద్దకం పని చేసే ఎవరికైనా తెలుసు. జోగారావుకు తెలియకపోవడంలోనే లాభం ఉంది. తన మాట నిజమని చూపించాలంటే స్టవ్ వెలగాలి, ఆ స్టవ్వే వెలిగించనివ్వడాయె.

తన టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, తొట్టి నీళ్ళూ అడుగున ఉన్న పలుకులూ అందులోకి తీసుకుంది. అదే షాపులో ఇస్త్రీ చేసే మహిపాల్ వేడి ఇస్త్రీ పెట్టెను తిరగేసి రెండు ఇటుకల మధ్య ఆనించాడు. దాని మీద డబ్బా పెట్టింది.

కాసేపటికి డబ్బా వేడెక్కింది. జోగారావు కూడా వంగి చూశాడు. పలుకుల అంచులు అరిగాయి, చిన్నవయ్యాయి, చివరికి ఒక్కటీ మిగల్లేదు.

“చూసిండ్రా సార్.”

“సరే, కరిగింది,” అన్నాడు జోగారావు నడుం ఎత్తుతూ. “అయితే ఏంటి? పాడైన చీరకు నేను కట్టాలా? మిగతావి కూడా కానివ్వు. గట్టిగా తిప్పు.”

అండాలమ్మ తొట్టిలోని కర్ర తీసి కింద పెట్టేసింది.

“నేనైతే ముంచ. స్టవ్ ముట్టియ్యుండ్రి, అప్పుడు ముంచుత.”

“అంటే మానేసి పోతావన్నమాట.”

“పోను. ఈడనే కూసుంట.”

మిగిలిన చీరలు ఒళ్ళో పెట్టుకుని స్టవ్ పక్కన పీట మీద కూర్చుంది. జోగారావు లైటర్ తీసి జేబులో వేసుకున్నాడు.

మహిపాల్ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.