సముద్రానికి గేటు

కుర్చీకి బ్రేకు లేదన్న సంగతి ఆ సముద్రపు ఊళ్ళో మొదటి దిగుడు దాకా ఎవరికీ తట్టలేదు.

తట్టడానికి వాళ్ళ ఊళ్ళో దిగుడంటూ ఉంటేగా! అరచేయిలాంటి నేల. గోళీని ఎక్కడ పెడితే అక్కడే పడుంటుంది. సైకిళ్ళు బాగుచేసే కొడుకు, మోకాళ్ళు పడిపోయిన తల్లి కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీకి పాత సైకిలు చక్రాలు బిగించి బండి కట్టాడు. నూనె పోసి పోసి, వేలితో తోస్తే వీధి చివరిదాకా పోయేలా తయారుచేశాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆ నునుపే ఇప్పుడు పీకల మీదికి తెచ్చింది.

స్టేషను బయట మలుపు తిరగ్గానే రోడ్డు కాళ్ళ కిందనుంచి జారిపోయింది. బండి పరుగందుకుంది. కోడలు వెనక కమ్మీ పట్టుకుని, చెప్పులు అరిగేలా వెనక్కి వాలింది. ఆమె భర్త ముందుకు ఉరికి ఒళ్ళంతా అడ్డం పెట్టాడు. సంచులు మోస్తున్న వాళ్ళ చిన్న కూతురు మాత్రం "నాయనమ్మా, హారన్ కొట్టు!" అని గంతులేసింది.

"ఊళ్ళో సైకిళ్ళన్నిటికీ బ్రేకులు బిగిస్తావు. కన్నతల్లి బండికి మాత్రం చేతులు రాలేదా?" అంది కోడలు రొప్పుతూ.

"మనూళ్ళో బ్రేకెందుకే?"

"అయితే మనూళ్ళోనే తిప్పు మీ అమ్మని!"

"తిట్టుకోవడం తీరిగ్గా తిట్టుకోండర్రా," అంది అత్త. "చేతులు మాత్రం వదలకండి."

అత్తకు సముద్రం కావాలి. చూడ్డం కాదు, అందులో కాళ్ళు పెట్టాలి. బతుకంతా ఉప్పు గోదాములో గొంతుక్కూర్చుని పొట్లాలు కట్టిన మనిషి. ఉప్పు లారీలో వచ్చి దిగేది, పొట్లాలై వెళ్ళిపోయేది. మధ్యలో మిగిలినవి ఆవిడ పాదాలు. పగిలి, ఆ పగుళ్ళలోకి మళ్ళీ ఉప్పే దిగి, చెట్టు బెరడులా అయ్యాయి. బూట్లు ఇప్పించండయ్యా అని అడిగితే, ఉప్పు పుండ్లకు మంచిదే అన్నాడు యజమాని. మోకాళ్ళు పోయాక రేపట్నుంచి రావద్దన్నాడు. అంతే, ఋణం తీరిపోయింది! ఆవిడ ఇంట్లోవాళ్ళను కోరింది ఒక్కటే. "ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో దాని మొహం చూడాలి. దానికి నా కాళ్ళు చూపించాలి."

ఆ ఊళ్ళో ఏ మలుపు తిరిగినా సముద్రం కనిపిస్తుంది. అందదు. చదునునేల మనుషులు కదా, పల్లం పట్టుకుని పోతే నీళ్ళ దగ్గరికే చేరతామనుకున్నారు. మొదటి పల్లం ఒక బంగళా ప్రహరీకి కొట్టుకుని ఆగింది. ఇంకొకటి ఒక క్లబ్బు కమ్మీల దగ్గర చచ్చింది. వాన నీళ్ళు ఏ కాలవలోనో పడి కిందికి పోతాయి. మనిషి మాత్రం దిగినదంతా మళ్ళీ ఎక్కాలి.

మిట్టమధ్యాహ్నానికి ఒక పెద్ద హోటలు గేటు దగ్గర తేలారు. గేటు పక్కనుంచి కొండ అంచున మెట్లు దిగుతున్నాయి. ఒకటి మోకాలెత్తు, ఒకటి విరిగింది, ఒకచోట మెట్టే లేదు. వాటి మీదుగా నెత్తిన పెద్ద మూటతో ఒకావిడ పైకి వచ్చింది. హోటలు దుప్పట్లు కింద షెడ్డులో ఉతికే మనిషి.

"బండేసుకుని ఇటా? ఎముకలు ఏరుకోవాలి తల్లీ. లోపల లిఫ్టుంది, నేరుగా ఇసుకలోకి దింపుతుంది."

"మరి నువ్వు మెట్లెక్కొచ్చావేం?" అంది కోడలు.

"ఎక్కనిస్తేగా! ఊరందరికీ అని కట్టారు దాన్ని. హోటలొచ్చి చుట్టూ గోడ పెట్టింది. లిఫ్టు గోడ లోపలికి పోయింది, మేం బయటికొచ్చాం." దొడ్డిదారిన లోపలికి వెళ్ళిపోయింది ఉతికే ఆవిడ.

కోడలు గేటు కాపలావాడి దగ్గరకు వెళ్ళింది. "అన్నా, పెద్దావిడ. ఒక్కసారి కిందికి."

"గెస్టులకేనమ్మా. రూము తీసుకున్నారా?"

"సముద్రంలో కాళ్ళు పెట్టడానికి రూమెందుకన్నా?"

"నా ఉద్యోగం పోతుందమ్మా."

భర్త గొణిగాడు. "పోనీలేవే. ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోందిగా."

అత్త పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. గోదాములోకి యజమాని వచ్చినప్పుడల్లా అలాగే లాక్కునేది.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. బండిని గరగరా తోసి గేటుకు అడ్డంగా పెట్టింది. రాయి తెచ్చి చక్రం కింద కుక్కింది. లోపలికి రాబోతున్న కారు ఆగింది. దాని వెనక ఇంకొకటి. హారన్లు మొదలయ్యాయి.

నలగని బట్టల్లో మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటీ న్యూసెన్సు? పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలవండి. రాగానే మీరు గెస్టులేనా అని అడగండి."

ఒక కారులోంచి తల బయటికొచ్చింది. "ఆ ముసలావిణ్ణి దింపేసి పంపించండయ్యా, ఎండలో ఎంతసేపు!"

మేనేజరు మొహానికి నవ్వు తగిలించుకున్నాడు. "సరే, మానవత్వంతో, ఈ ఒక్కసారికి. పెద్దావిడ, తోసేవాడు ఒకడు. మిగతావాళ్ళు గేటు వదలండి."

అత్త కోడలి చెయ్యి పట్టి కిందికి వంచింది. "నువ్వు కదలకు. గేటు వదిలావా, నన్ను మళ్ళీ పైకి తేరు. నాకు యజమానులు తెలుసు."

"మరి నేను సముద్రం చూడొద్దా అత్తయ్యా?"

"నీ వాటా నేను చూసొస్తా. నా వాటా కోపం నువ్వు పట్టు."

బండి లోపలికి కదిలింది. కూతురు నాయనమ్మ ఒళ్ళోకెక్కి, "నేను మనిషిని కాదు, సామాను!" అని మేనేజరుకు చెప్పింది.

బండి ఉన్నచోట కోడలు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తారు కాలిపోతోంది. గోడ వెనకాల అలల చప్పుడు. పుట్టి బుద్ధెరిగాక సముద్రానికి ఇంత దగ్గరగా రావడం ఇదే మొదలు. కళ్ళెదుట చూస్తే కారు బంపరు!

ఉతికే ఆవిడ మాసిన దుప్పట్ల మూటతో బయటికి వచ్చింది. "దిగారా?"

"దిగారు."

"లిఫ్టులోనే? నిజంగా?" మూట దించి పక్కనే చతికిలబడింది. "నడుం పట్టేసింది. కాస్సేపే."

"నీకిక్కడేం పని?" అని కసిరాడు మేనేజరు.

"లిఫ్టు కోసం సార్," అంది. అనేశాక తనే బిత్తరపోయింది.

బండి పైకి వచ్చింది. అత్త మోకాళ్ళదాకా తడిసిపోయి ఉంది. "అమ్మా, కాళ్ళు మండాయని నాయనమ్మ సముద్రాన్ని బూతులు తిట్టింది!" అని అరిచింది కూతురు.

"మండింది, అదే ఉప్పు," అంది అత్త. "కానీ దాని తప్పేం లేదే. పాదాలు పట్టుకుని వదల్లేదు పాపం."

"అయిపోయింది కదా. లెండిక," అన్నాడు మేనేజరు.

"పదవే," అన్నాడు భర్త. "రైలు పోతుంది."

కోడలు సగం లేచింది. ఉతికే ఆవిడ అప్పటికే మూట నెత్తికెత్తుకోబోతోంది, మెట్ల వైపు తిరిగి. కోడలు ఆ మూట ముడి పట్టి కిందికి లాగింది.

"ఎక్కడికి? కూర్చో."

"మీ పని అయిపోయిందిగా తల్లీ."

"మా పని అయింది. నీ మూట లిఫ్టులో దిగలేదు."

మేనేజరు ఫోను తీశాడు. కార్లు గొంతు చించుకుంటున్నాయి. భర్త దిక్కుతోచక తల్లి వైపు చూశాడు.

"రైలు రేపూ ఉంటుంది," అంది అత్త. "నన్ను వాళ్ళ పక్కకి తొయ్యరా."