పురిటికి రావలసిన పిల్ల

తమాయో ఉండే కొండ ఊళ్ళో ఇంతవరకు ఒక్కరికీ కరోనా రాలేదు. అందుకే ఊరు ఊరంతా వణికిపోతోంది. జబ్బుకు కాదు. జబ్బు వస్తుంది, పోతుంది. ఊళ్ళోకి దాన్ని తెచ్చినవాళ్ళన్న పేరు మాత్రం మనవల తరానికీ పోదు.

సరిగ్గా ఇప్పుడే ఆమె కూతురు కనామికి నెలలు నిండాయి. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం ఆనవాయితీ. కానీ పిల్ల ఉన్నది రోజూ వందల కేసులు బయటపడుతున్న టోక్యోలో.

ఊళ్ళో మర్యాదకు లోటు లేదు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. పొద్దున చెత్త సంచీలు పెట్టే చోట పక్కింటి నెజు గారు మాస్కు సర్దుకుని, అల్లంత దూరం నుంచే ఆప్యాయత ఒలకబోసింది.

"అమ్మాయి కులాసానా తమాయో గారూ? ఈ రోజుల్లో ప్రయాణాలంటే పాపం, తనకే మంచిది కాదు కదండీ."

"అవునండీ."

చేపల కొట్టాయన తూకం వేస్తూ అన్నాడు. "మొన్నెవరిదో టోక్యో నంబరు కారట, అద్దం పగలగొట్టారట. మన ఊరివాళ్ళయి ఉండరు లెండి."

సాయంత్రం పేట సంఘం పెద్ద గుమ్మం దాకా వచ్చాడు. "ఏ సాయం కావాలన్నా మొహమాటపడకండి. మా అమ్మ ముసలిది కదా, అదొక్కటే నా బెంగ."

ఇంత ప్రేమను తట్టుకోలేక తమాయో కూతురికి ఫోన్ చేసింది.

"పరీక్ష చేయించుకునే వస్తానే అమ్మా. వచ్చాక గది దాటను. ఇక్కడ ఆసుపత్రిలో మా ఆయన్ని కూడా లోపలికి రానివ్వరట. నాకు భయంగా ఉంది."

"నలుగురూ ఏమనుకుంటారోనని తల్లీ."

"ఎవరేమన్నారు?"

"ఏమీ అనలేదు. రావద్దులే."

కనామి మాస్కుతో ముక్కూ నోరూ మూసుకుని, పట్టుకోవడానికి ఒక చెయ్యి కూడా లేకుండా ఆడపిల్లను కన్నది. ఫోన్లో మనవరాలిని చూసి తమాయో కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

కబురు తెలియగానే నెజు గారు శుభకార్యాలకు చేసే ఎర్ర చిక్కుడు గింజల అన్నం వండి తెచ్చి, గడప బయట పెట్టి వెనక్కి జరిగింది.

"పురిటికి పిల్లను తెచ్చుకోలేదేమండీ? ఒక్కతీ ఎంత అల్లాడిపోయిందో. మాతో ఒక్క మాట అనకపోయారా? మేమెవరం వద్దనడానికి?"

తమాయోకు నిలదీయాలనిపించింది. కానీ ఎవరిని అడుగుతుంది? ఊరంతా గాలించినా, రావద్దన్న నోరు తనదొక్కటే. ఆ నోటితోనే "మీ అభిమానం చాలండీ" అంటూ నడుము వంచి దణ్ణం పెట్టింది.