ఒడ్డులేని ఊరి ఓడ

ఆ దేశానికి సముద్రం లేదు. చుట్టూ కొండలు, కొండల అవతల వేరే దేశాలు. అయినా దర్జీ దుకాణం పైన, మేడ మీది గదిలో ఓడల రిజిస్ట్రీ ఆఫీసు ఉంది. ఒడ్డులేని దేశానికీ తన జెండాతో ఓడలు నడుపుకొనే హక్కు ఉందని అంతర్జాతీయ సముద్ర చట్టం చెబుతోంది మరి. ఆ ఆఫీసుకు అధికారి, గుమాస్తా, టీ కాచే మనిషి, అన్నీ ఒక్కావిడే. సముద్రాన్ని ఆవిడ బొమ్మల్లో తప్ప చూసి ఎరుగదు.

ఇంట్లో అత్తగారికి ఇదంతా పరిహాసం. "మా కోడలు ఓడలమ్మ. వీధిలో నీళ్ళు నిలిస్తే చాలు, ఆవిడకు చేతినిండా పని" అని పక్కింటివాళ్ళకు చెప్పి నవ్వేది. కోడలూ నవ్వి ఊరుకునేది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ దగ్గర నవ్వులాటలు సాగవు. ఓడ వెనకవైపు దాని సొంత రేవు పేరు రాయాలి. పేరున్న రేవు ఏదైనా రాసుకుంటామని ఓడల యజమానులు ఎంత బతిమాలినా ఆవిడ ససేమిరా అంది. మా ఓడ మీద మా ఊరి పేరే ఉండాలి అంది. చివరికి ఆ పట్టుదలే మెడకు చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అత్తగారు క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి కోడలి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. స్పీకరు ఫోనులో ఎవరో కసురుతున్నాడు. కోడలు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి గబగబా సంగతి చెప్పింది. మన ఓడ ఒకటి తుఫానులో బోల్తాపడిన జాలరులను కాపాడింది. వాళ్ళలో ఒకతనికి తొడ ఎముక విరిగింది. దగ్గరి రేవుకు తీసుకుపోతే అక్కడి అధికారి రానివ్వడం లేదు. ఓడ మీదున్న ఊరు మ్యాపులో కొండల మధ్య కనిపించిందట. అవి దొంగ కాగితాలని అతని అనుమానం.

"అంతా నా మొండితనం వల్లే అత్తయ్యా. వేరే పేరు రాయనిచ్చి ఉంటే ఈపాటికి ఆ మనిషి ఆస్పత్రిలో ఉండేవాడు." అంది కోడలు.

"ఇదిగో అమ్మా, మీ ఊళ్ళో సముద్రం ఉందా, లేదా?" అని ఫోనులో అధికారి.

"లేదండీ."

"మరి ఓడెక్కడిది?"

"మాదేనండీ. చట్టం పుస్తకం మీ దగ్గరా ఉంటుంది. తొంభయ్యో అధికరణం చూడండి..."

"నాకు చట్టాలు చెప్పకండి. పైవాళ్ళను అడిగి రేపు చెబుతాను."

అత్తగారు క్యారేజీని దబ్బున బల్ల మీద పెట్టి ఫోను దగ్గరికి వంగింది.

"ఏం నాయనా! మా ఇల్లు ఇరుకు సందులో ఉంది. మావాడు బస్సు డ్రైవరు. మా గుమ్మం ముందు పెద్ద రోడ్డు లేదు కాబట్టి వాడు తోలేది దొంగ బస్సంటావా? రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళదేనా రోడ్డు? అక్కడ కాలు విరిగి మనిషి మూలుగుతుంటే మ్యాపు ముందేసుకుని కూర్చున్నావే! ఆ పుస్తకం తియ్యి. మా కోడలు చెప్పిన చోట చదువు. ఆవిడ ఊరికే అనదు."

కోడలు కొయ్యబారిపోయింది. అవతలి నుంచి ఆపుకోలేని నవ్వు, ఆ వెనకే కాగితాల చప్పుడు వినిపించాయి.

"తొంభయ్యే కదూ అన్నారు? ఉందండీ. ఒడ్డు ఉన్నా లేకపోయినా ప్రతి దేశానికీ... ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ పేజీ తిప్పిన పాపాన పోలేదు. రమ్మనండి. అంబులెన్సు సిద్ధంగా ఉంచుతాను."

కోడలు అత్తగారి చేతులు పట్టుకుని, సంతోషం పట్టలేక ఏడ్చింది.

సాయంత్రం అత్తగారు ఇంకా ఆఫీసులో ఉండగానే ఓడ కెప్టెను ఫోటో పంపాడు. స్ట్రెచర్ మీద నుంచి జాలరి చెయ్యి ఊపుతున్నాడు. అతని వెనక ఓడ మీద పెద్ద అక్షరాల్లో వాళ్ళ ఊరి పేరు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"చివరి అక్షరం వెలిసిపోయిందే. రంగు వేయించమను. నలుగురూ చూసేచోట మన ఊరి పేరు ఇలాగేనా ఉండేది?"

"అలాగే అత్తయ్యా."

అత్తగారు తలెత్తి గోడమీది ఓడల ఫోటోలను మొదటిసారి పరీక్షగా చూసింది. "ఇంకా ఎన్ని ఉన్నాయే మన ఓడలు?"

కోడలు ఆవిడకు కుర్చీ వేసి, మొదటి ఫోటో నుంచి చెప్పడం మొదలుపెట్టింది.