పాల వేళ దాటాక

పెద్ద కొట్టులో పాలు నీళ్ళకన్నా చవక. మాట వరసకు అంటున్నది కాదు, సీసా పక్కన సీసా పెట్టి, కింద చీటీలు అంటించి మరీ అమ్ముతారు. ఆ సూపర్ మార్కెట్‌ను పాడి రైతులంతా పెద్ద కొట్టు అనే అంటారు. పాల అరను లోపల ఆ చిట్టచివర గోడ వారగా పెడతారు. పాల కోసం వచ్చిన మనిషి అంత దూరం నడిచి వెళ్ళి తిరిగి వచ్చేలోపు బుట్టలో సబ్బులూ, బిస్కెట్లూ, అక్కర్లేని చెప్పుల జతా పడతాయి. అందుకని పాలను ఎంత చవగ్గా అమ్మినా కొట్టుకు నష్టమేమీ లేదు. నష్టం మోయడానికి రైతులున్నారు కదా.

ఆ రైతుల సంఘానికి అక్కే పెద్ద. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. తోడబుట్టిన తమ్ముడు మాత్రం ఒక్కడే, వాడు ఆ పెద్ద కొట్టులో కొనుగోళ్ళ మేనేజరు. పాలకు ధర కట్టేది వాడే. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అక్కే. వాడు ఆవుల మధ్యే పాకాడు, పాల డబ్బులతోనే చదువుకున్నాడు, ఆ చదువుతోనే పాల ధర తగ్గించే ఉద్యోగం సంపాదించాడు. పాలు పోసి పెంచడమంటే ఏమిటో లోకానికి సామెతగా తెలుసు, అక్కకు సొంతంగా తెలుసు. అయినా వాడంటే ఆవిడకు ప్రాణం. వచ్చిన చిక్కల్లా అదే.

ఏటా ధర మాట్లాడుకోవడానికి రైతులను కొట్టు పై అంతస్తులోని గదికి పిలుస్తారు. పాత మేనేజరు పొద్దున్నే పిలిచేవాడు. వీళ్ళు వెళ్ళి, అరిచి గోల చేసి, కాస్తో కూస్తో పెంచుకుని వచ్చేవాళ్ళు. తమ్ముడు వచ్చాక ఆ పిలుపు మధ్యాహ్నం భోజనాల తర్వాతకు మారింది. మన పిల్లాడు, మన వీలు చూశాడని అందరూ సంబరపడ్డారు. కాఫీ ఇస్తాడు, గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తాడు, ఎవరేం అడిగినా మంచి ప్రశ్న అంటాడు. చూస్తూండగానే సాయంత్రం పాల వేళ దగ్గరపడుతుంది. పొదుగు నిండిన ఆవు ఎవరి బేరం కోసమూ ఆగదు. ఆలస్యమైతే నొప్పికి అరుస్తుంది, పొదుగు వాచిందంటే మందులకు ఇల్లు గుల్ల. ఒకరు కుర్చీలోంచి లేస్తారు, వెనకే ఇంకొకరు. చూపించిన చోట సంతకం పెట్టి మెట్లు దిగి పరుగెత్తుతారు. రెండేళ్ళు అలాగే జరిగింది.

మూడో ఏడు కూడా పిలుపు మధ్యాహ్నానికే వచ్చింది. ఈసారి ధర తగ్గించే ఆలోచన ఉందని అందులోనే మర్యాదగా రాశారు. ఆ తగ్గింపు ఖాయమైతే అక్క పాకలో సగం ఆవులు పశువుల బేరగాడి చేతిలో పెట్టక తప్పదు. అతను అప్పుడే ఒకసారి వచ్చి, ఆవుల వంక చూడనట్టే చూసి, ఎండల గురించి కాసేపు మాట్లాడి వెళ్ళాడు.

పాక కడుగుతుండగా అక్కకు చటుక్కున వెలిగింది. “పాడి మనిషితో గొడవెందుకురా, పాల వేళ దాకా కూర్చోబెట్టు, వాడే దారికొస్తాడు” అని ఎప్పుడో పక్కవాళ్ళతో గట్టు తగాదా వచ్చినప్పుడు తనే నవ్వుతూ అంది. విన్నది తమ్ముడు. అప్పుడు వాడికి పన్నెండేళ్ళు ఉంటాయేమో, బకెట్లు మోస్తున్నాడు. వాడూ నవ్వాడు గానీ మరిచిపోలేదు. తెలివైన పిల్లాడని బళ్ళో అందరూ ఊరికే అనలేదు. అక్కకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కాస్త గర్వం కూడా కలిగింది, దానికి ఇంకా మండింది.

మర్నాడు సంఘం వాళ్ళను పిలిచి చెప్పింది. “ఈసారి మనం లేవం. వాడు ఎంతసేపు కూర్చోబెడితే అంతసేపు కూర్చుందాం.”

“మరి ఆవుల సంగతో?” అన్నాడు గడ్డం మామ. సంఘంలో వయసులోనూ గడ్డంలోనూ అందరికన్నా పెద్ద ఆయనే.

“ఇంట్లోవాళ్ళు లేరూ? మనం తప్ప ఇంకెవరూ పొదుగు ముట్టుకోకూడదని ఎక్కడైనా రాసుందా? రెండు వారాలుంది. నేర్పుదాం.”

అలా ఇంటింటా బడి మొదలైంది. మామ తన మెకానిక్ అల్లుడికి నేర్పాడు. అల్లుడు ఆవును కూడా కిందకు వంగి చూసి, ఎక్కడో కారుతోందన్నాడట. అక్క మొగుడు దర్జీ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పాక గడప దాటింది లేదు. ఆవు తల తిప్పి చూస్తే చాలు, ఏదో పని గుర్తొచ్చి ఇంట్లోకి వెళ్ళేవాడు. మొదటి రోజు తనే కుట్టుకున్న కొత్త ఏప్రన్ కట్టుకుని, గుడ్డ నాణ్యం చూసినట్టు రెండు వేళ్ళతో ఆవును తాకి చూశాడు.

“ముందు గోరువెచ్చని నీళ్ళతో తుడవండి. కాసేపు ఆగి అప్పుడు పాలు తీసే మిషను తగిలించండి. తొందరపెడితే చేపదు.”

“చేపడమంటే?”

“పాలు దించడం. అది దాని ఇష్టం. మనం చెబితే వినదు.”

“నీ దగ్గర నేర్చుకుందన్నమాట,” అన్నాడు దర్జీ.

అక్క నవ్వు ఆపుకుంటూ బకెట్ అందించింది. రెండో వారం చివరికి అక్క సాయం లేకుండా మిషను తగిలించడం ఆయనకు పట్టుబడింది.

ఆ రోజు పై అంతస్తు గదిలో అంతా యథాప్రకారం మొదలైంది. చల్లటి గాలి, కాఫీ, పళ్ళెంలో బిస్కెట్లు. రైతులు ఏటా ఇచ్చే ఖర్చుల కాగితం తమ్ముడి ముందు ఉంది. గడ్డి, దాణా, కరెంటు, మందులు, పాలు తీసే మనిషి కూలి. రెండు పూటలా ఆవును కనిపెట్టుకుని ఉన్నందుకు రైతు తనకు తాను వేసుకున్న కూలి అది. తమ్ముడు అక్కను మేడమ్ అని పిలిచాడు. గోడ మీద ఒక ఆవు బొమ్మ పడింది, దాని కింద ‘మనమంతా ఒకే కుటుంబం’ అని రాసి ఉంది. ఆ ఆవు నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఆవు నవ్వడం అక్క ఎన్నడూ చూడలేదు.

తమ్ముడు మాట్లాడాడు. మార్కెట్టు అన్నాడు, పోటీ అన్నాడు, భాగస్వామ్యం అన్నాడు. కిటికీలోంచి పడే ఎండ బల్ల మీద నుంచి నేల మీదికి దిగింది. రైతులు శ్రద్ధగా విన్నారు. ఎవరూ కుర్చీ కదపలేదు. మామ ఇంకో కాఫీ అడిగాడు.

తమ్ముడు చేతి గడియారం చూసుకున్నాడు. చూపించాల్సిన బొమ్మలు అయిపోయాయి. నవ్వే ఆవును మళ్ళీ మొదటి నుంచి చూపించాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“పాల వేళ దాటుతున్నట్టుంది. ఇళ్ళకు వెళ్ళొద్దా?”

“తొందరేం లేదు సారూ,” అంది అక్క. ఆ సారు అన్న మాటను నోట్లో బెల్లం ముక్కలా చప్పరించి మరీ అంది. “మీరు చెప్పండి, వింటాం.”

“మరి ఆవులు?”

ఆ ప్రశ్న కోసమే రెండు వారాలుగా కాచుకుని ఉన్నారు అందరూ. ఆగలేకపోయారు. “మా అల్లుడు తీస్తున్నాడు. నాకన్నా నయం వాడు. ఇక రోజూ వాడికే అప్పజెప్పేస్తానేమో,” అన్నాడు మామ. తన అత్తగారి చేతికి ఆవులు తన చేతికన్నా ఎక్కువ చేపుతున్నాయని ఒకావిడ చెప్పింది. తన కూతురు ఇటు పాఠం చదువుకుంటూ అటు ఆరు ఆవుల పాలు తీసేస్తుందన్నాడు ఇంకొకాయన. అక్క కూడా ఊరుకోలేదు. “మీ బావగారే తీస్తున్నారు. ఆవు పేరెత్తితే పారిపోయే మనిషి, ఇప్పుడు నన్ను పాకలోకి రానివ్వడం లేదు.” గది ఘొల్లుమంది. గెలిచిన వాళ్ళ నవ్వు అది. తమ్ముడి మొహం చూడాలని అక్క తల తిప్పింది.

తమ్ముడూ నవ్వుతున్నాడు. వాడు కలం మూత తీశాడు.

“చాలా సంతోషం. వాళ్ళకు ఎంతిస్తున్నారు?”

“ఎవరికి?” అన్నాడు మామ.

“పాలు తీసేవాళ్ళకి.”

“భలేవాడివయ్యా. ఇంట్లోవాళ్ళకు ఎవరైనా కూలి ఇస్తారా?”

అక్కకు అప్పుడే అర్థమైంది. మామ మోకాలిని బల్ల కింద నుంచి తట్టింది గానీ, అప్పటికే మాట పెదవి దాటిపోయింది. తమ్ముడు కాగితాన్ని తనవైపు తిప్పుకుని, పాలు తీసే కూలి అన్న చోట నిదానంగా ఒక గీత గీశాడు.

“అయితే ఇది ఖర్చు కాదు. ఇన్నాళ్ళూ మీరు దగ్గర లేకపోతే కుదరదనుకుని దీన్ని ఒప్పుకున్నాం. మీరు లేకపోయినా జరుగుతోందని మీరే చెప్పారు. ఇది కూడా తీసేస్తే, మేం అనుకున్న తగ్గింపు చాలా తక్కువే. ఇంకా తగ్గించమని పైవాళ్ళు అంటారు. మనవాళ్ళు కదా, నేను సర్దిచెబుతాను.”

“అది ఈ ఒక్క రోజుకేరా,” అంది అక్క. రా అనేసిన సంగతి ఆవిడ గమనించలేదు.

“రెండు వారాలు నేర్పారు కదా మేడమ్.”

ఆవులకు ఏ తొందరా లేదు, రైతులకు ఎక్కడికీ వెళ్ళే పని లేదు. జీవితంలో మొదటిసారి వాళ్ళకు కావలసినంత సమయం దొరికింది, చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. సంతకాలు కాకపోతే రేపు పొద్దున పాల ట్యాంకరు పంపడం తన చేతుల్లో లేదని తమ్ముడు మెల్లగా చెప్పాడు. ట్యాంకరు రాకపోతే పాలు కాలవ పాలేనని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మామ అందరికన్నా ముందు పెట్టాడు సంతకం. అక్క అందరికన్నా ఆఖర్న పెట్టింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. కోపం కన్నా సిగ్గు ఎక్కువగా వేసింది ఆవిడకు.

తమ్ముడు కింద బండి దాకా వచ్చాడు. అక్కడ మేడమ్ లేదు.

“అక్కా, తప్పుగా అనుకోకు. ఉద్యోగం. నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు.”

“తప్పేముందిరా, లెక్క లెక్కే,” అంది అక్క తలుపు తీస్తూ. “నిన్ను పెంచిన కూలి కూడా నేను ఏ కాగితంలోనూ రాయలేదులే.”

వాడే బండి తలుపు వేశాడు. ఆవిడ దారిపొడుగునా ఆ మాట అన్నందుకు బాధపడింది, ఇంకో నాలుగు అననందుకూ బాధపడింది.

ఇంటికి చేరేసరికి దర్జీ పాకలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. ఏప్రన్ తడిసి ముద్దయింది, మోకాళ్ళ దాకా పేడ. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“చూశావా, నువ్వు లేకపోయినా అంతా జరిగిపోయింది,” అన్నాడు.

అక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఆ మాటకు తప్పు పట్టడానికి ఏమీ లేదు. పాపం, మెచ్చుకుంటుందని అన్నాడు. ధర తగ్గిందని చెప్పింది. ఎలా తగ్గిందో చెప్పలేదు.

“అయితే ఎన్ని?” అన్నాడు ఆయన.

“సగం. రేపొద్దున ఫోన్ చేస్తే బేరగాడు వచ్చేస్తాడు. ఏవేవో ఇప్పుడే అనుకుంటే మంచిది.”

ఆయన లేచి, ఆవుల వరుస వెంట నడిచాడు. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా ఈయనకేం తెలుస్తుందిలే అనుకుంది అక్క. చివరి ఆవు దగ్గర ఆగి, దాని వెన్ను మీద చెయ్యి వేశాడు. రెండు వేళ్ళు కాదు, మొత్తం అరచెయ్యి. ఆవు కదల్లేదు.

“ఇవాళ ఇది రెండుసార్లు తన్నింది,” అన్నాడు. “భయమేసి వెళ్ళిపోదామనుకున్నాను. నువ్వు ఇంట్లో లేవని గుర్తొచ్చి పక్కన ఊరికే నిలబడ్డాను. చాలాసేపటికి దానంతట అదే చేపింది. నా చేతికే. దీన్నొక్కదాన్ని ఉంచుదామా?”

ఆ ఆవు వయసెంతో, ఈతలెన్ని అయ్యాయో అక్కకు తెలుసు. ఏ పాడి మనిషిని అడిగినా ముందు దాన్నే విప్పమంటాడు. అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు.

“ముందు పోవాల్సింది అదేనండీ. దాని దగ్గర పాలు బాగా తక్కువ.”

దర్జీ పక్కనే ఉన్న క్యానులోకి వంగి చూశాడు.

“తక్కువా?” అన్నాడు. “చాలా ఇచ్చిందనుకున్నాను.”