రెండు కార్లలోనూ అదే లోపం

ఇంకెవరైనా అయితే గుమ్మంలో నిలబడి పలకరించి లోపలికొస్తారు. బావ అలా కాదు. లోపలికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీ లాక్కుని, ఫ్యాను తన వైపు తిప్పుకుని, అప్పుడు పలకరిస్తాడు.

“ఒరేయ్ రెక్సినూ, రేపూ ఎల్లుండీ షాపు మూసెయ్.”

కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపది. రెక్సిను అన్న పేరు బావ పెట్టిందే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి సూది పట్టుకున్న కుర్రాణ్ని, అక్కను చేసుకున్న కొత్తలో, ఎగతాళికి అలా పిలిచాడు. ఆ పిలుపే ఊరంతా పాకింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు.

“మూసేసి?” అన్నాడు రెక్సిను, మిషను మీద నుంచి తలెత్తకుండా.

“కార్లు చూడ్డానికి. రెండు తలుపులవి, పెద్దవి. షోరూము వాళ్ళు రోజుకొకటి చొప్పున రెండు రోజులు మనకే వదిలేస్తామన్నారు. ఎంత దూరమైనా తిప్పుకోవచ్చు.”

బావ ఈ మధ్యనే ఐసు ఫ్యాక్టరీ అమ్మేశాడు. ఫ్యాక్టరీ వదిలించుకున్న రోజున మంచి కారొకటి కొని, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, సముద్రం వెంబడి పోయే రోడ్డును ఈ చివర నుంచి ఆ చివరిదాకా తనే నడుపుతానని ఆవిడకు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు. అక్క ఆ మాట నమ్మడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు నిజంగానే వచ్చే నెల బయల్దేరడానికి పెట్టె సర్దుకుంటోంది.

“మీ అల్లుణ్ని తీసుకెళ్ళు బావా. ఇంజినీరు కదా.”

“వాడికి కార్ల గురించి అన్నీ తెలుసు. అందుకే వద్దు.”

“నాకేం తెలుసని?”

“నీకు సీట్లు తెలుసు. మీ అక్క నడుం అంత దూరం ఓర్చుకుంటుందో లేదో నువ్వు చెప్పాలి.”

ఫ్యాక్టరీ మూడు పూలు ఆరు కాయలుగా ఉన్నన్నాళ్ళూ గుర్తురాని బామ్మర్ది ఇప్పుడు గుర్తొచ్చాడన్న మాట. ఆ మాటే పైకి అనేద్దామనుకున్నాడు గానీ, అక్క నడుం అనేసరికి ఊరుకున్నాడు. పైగా అలాంటి కారులో ఎక్కే యోగం తనకు మళ్ళీ రాదు. వాటి సీట్లు చిరిగినా ఇలాంటి షాపుకు రావు.

మొదటి రోజు తెల్ల కారు ఇచ్చారు. షోరూము అమ్మాయి తలుపు తెరిచి పట్టుకుని దాని గుణగణాలు ఏకరువు పెట్టింది. రెక్సిను అవేవీ వినలేదు. వంగి సీటు కుట్టు చూశాడు. జంట కుట్టు, ఎక్కడా వంకర పోలేదు. మూల మడిచిన చోట తోలు ముడత పడలేదు. వేలితో తడిమి, పళ్ళు కొరుక్కున్నాడు. పని బాగుంటే ఒప్పుకోవాల్సి రావడం కంటే చేదు మందు అతనికి లేదు.

“వెనక సీటు మనుషులకా, సంచులకా అమ్మా?” అన్నాడు.

“నలుగురు కూర్చోవచ్చు సార్.”

“ఆ వెనకిద్దరికీ కాళ్ళుండకూడదేమో!”

అమ్మాయి నవ్వాపుకుంది. బావ మాత్రం పగలబడి నవ్వాడు. “వెనక సీటు మనకెందుకురా? అల్లుడూ కూతురూ వెంటపడకుండా ఉండాలనే కదా రెండు తలుపులది కొంటున్నాను!”

తెల్ల కారు కదిలితే కదిలినట్టే లేదు. కిటికీ అవతల లారీలు నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నా లోపలికి చప్పుడు రాదు. గతుకు మీద ఎక్కితే, ఎవరో కింద చెయ్యి పెట్టి మెల్లగా దించినట్టుంది. సీటు నడుముకు పరుపులా ఒదిగింది. ఊరు దాటి, పొలాలు దాటి, పెద్ద రోడ్డెక్కాక బావ ముఖంలో ఓ వెలుగొచ్చింది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఈల వేశాడు. రెక్సిను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. చూసిన బావ వేరు. ఐసు దిమ్మలు లెక్కపెట్టుకుంటూ, కూలీల మీద అరుస్తూ, తప్పెక్కడ జరిగినా ఎదుటివాడి నెత్తిన రుద్దే బావ. ఇన్నేళ్ళలో ‘పొరపాటు నాదే’ అన్న మాట ఆ నోట విన్నవాడు లేడు.

తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో నాలుగు రోడ్ల దగ్గర, రెక్సిను కూర్చున్న వైపు నుంచి ఓ అమ్మాయి సైకిలు మీద వచ్చింది. దాక్కుని రాలేదు, దూకి రాలేదు. తన దారిన తాను తొక్కుకుంటూ వచ్చింది. బావ కారు ఆపలేదు.

“బావా!” అని రెక్సిను గావుకేక పెట్టాడు.

బ్రేకు పడింది. సైకిలు చక్రానికీ కారు ముక్కుకీ మధ్య జానెడు మిగిలింది. ఆ అమ్మాయి నానా మాటలూ తిట్టింది. కారు అద్దాలు మందమైనవి కాబట్టి ఒక్కటీ లోపలికి రాలేదు.

బావ ముందు అద్దం పక్కనున్న కమ్మీని వేలితో కొట్టాడు. “చూశావా దీన్ని? ఇంత లావు కమ్మీ ఎవడైనా పెడతాడా? మనిషికి మనిషే దాని చాటున పడిపోతోంది. ఈ కారుకి ఇదో లోపం. గుర్తుపెట్టుకో.”

కమ్మీ లావుగానే ఉంది. రెక్సిను తలూపాడు. కానీ అతని వైపు నుంచి ఆ అమ్మాయి చాలా దూరం నుంచీ కనపడుతూనే ఉంది. కమ్మీ చాటున ఒక్క క్షణం పడి ఉంటే ఉండొచ్చు. అంతసేపూ పడి ఉండదు.

రెండో రోజు నీలం కారు. ఇది నేలకు కరుచుకుని ఉంది. ఎక్కాలంటే ముందు కూర్చుని, తరవాత కాళ్ళు లోపలికి లాక్కోవాలి. సీటు బిగువుగా, పక్కల ఎత్తుగా, మనిషిని రెండు చేతులతో పట్టి కూర్చోబెట్టినట్టుంది. ఇంజను చప్పుడు దాచుకోదు. అయితే కమ్మీలు సన్నం, అద్దం విశాలం.

“ఇదిరా కారంటే!” అన్నాడు బావ. “లోకమంతా కనపడుతోంది. నిన్నటిది పడక గది. నిద్రొస్తుంది.”

“అక్క నడుముకి పడక గదే మంచిది.”

“నీకు మీ అక్క నడుమే గానీ నా సరదా పట్టదురా.”

“సరదా నీది, నడుం దానిది. రెండూ ఒక కారులో పట్టాలి కదా.”

కొండ దారి మలుపుల్లో నీలం కారు బావ చెప్పినట్టల్లా విన్నది. తెల్లది మలుపులో ఒళ్ళు వాల్చేది. ఇది నిటారుగా నిలబడి తిరిగింది. బావ నిజంగానే మంచి డ్రైవరు. ఆ సంగతి కడుపు మండుతున్నా కాదనలేడు రెక్సిను. అయినా నిన్నటి కేక గొంతులోనే ఉన్నట్టుండి, కళ్ళు తన వైపు అంచు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

కొండ దిగాక రోడ్డు మరమ్మతు జరుగుతోంది. అతని వైపు వరసగా ఎర్ర ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టారు. కారు మెల్లగా వాటి వైపు జరుగుతోంది. చూస్తున్నాడులే, ఇప్పుడు తిప్పుతాడులే అనుకున్నాడు. తప తప తపమంటూ మూడు కోన్లు ఎగిరిపడ్డాయి. ఏదో గట్టిది గీరుకున్న చప్పుడు.

బావ కారు పక్కకు తీసి ఆపాడు. దిగి చూశారు. ముందు చక్రం పై నుంచి తలుపు దాకా నీలం రంగు మీద తెల్లటి గీత. కోన్ల పక్కన పాతిన ఇనుప కడ్డీ చేసిన పని.

“ఎవడు పెట్టమన్నాడు వీటిని రోడ్డు మధ్యలో? ఈ పక్క అద్దం కూడా తిన్నగా లేదు. ఈ కారుకి అద్దమే లోపం...”

రెక్సినుకు ఇన్నేళ్ళ కసి ఒక్కసారి నాలిక మీదికొచ్చింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా! నిన్న కమ్మీ లావు. ఇవాళ కమ్మీ సన్నం, అద్దం వంకర. రెండు కార్లలోనూ ఒకే పక్క ఒకే లోపమేమిటి? రెండిటిలోనూ మారనిది నువ్వొక్కడివే!”

బావ గయ్యిమని లేస్తాడనుకున్నాడు. లేవలేదు. కారుకు ఆనుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. రెక్సినుకు ఏదో అనుమానం తగిలింది.

“బావా. ఇటు తిరక్కు. ఎదురుగా ఆ మరమ్మతు బోర్డునే చూస్తూ ఉండు,” అన్నాడు. మెల్లగా నడిచి ఆయన ఎడమ పక్కకు వెళ్ళి, భుజానికి మూరెడు దూరంలో చెయ్యెత్తి ఊపాడు. “నేనేం చేస్తున్నాను?”

“ఏం చేస్తున్నావు? నిలబడ్డావు.”

రెక్సిను చెయ్యి ఇంకాస్త ముందుకు తెచ్చి ఊపాడు. ఇంకాస్త.

“ఎత్తావా?” అన్నాడు బావ. గొంతు చిన్నదైపోయింది. “చెయ్యెత్తావా?”

రెక్సిను చెయ్యి దించేశాడు. ఏళ్ళ తరబడి బావ ఓడిపోతే చూడాలని ఉండేది అతనికి. తీరా ఆ రోజొస్తే చూడబుద్ధి కాలేదు.

“ఎప్పట్నుంచి?”

“తెలీదురా. మొదట గుమ్మాలకి భుజం తగిలేది. తరవాత బల్ల మీది గ్లాసులు పడ్డం మొదలెట్టాయి. మీ అక్క నా మీద విసుక్కునేది, చూసుకుని నడవండీ అని. మెడ తిప్పి చూడ్డం అలవాటు చేసుకున్నాను. కారులో అంత గబుక్కున మెడ తిరగదు.”

“డాక్టరు?”

“వెళితే, ఇక నడపొద్దంటాడు.” బావ నీలం కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించాడు. “మంచి కారైతే సర్దుకుపోతుందేమో అనుకున్నా. అద్దాలు పెద్దవి, అలారాలు మోగేవి, అలాంటివేవో ఉంటాయి కదా.”

“మరి నన్నెందుకు తెచ్చావు? నడుం సంగతి అబద్ధమేగా.”

“అబద్ధం కాదు. కానీ ఇంకోటుంది.” బావ కళ్ళు తుడుచుకోలేదు గానీ, ముక్కు చీదాడు. “అల్లుణ్ని తెస్తే మర్యాదకి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. స్నేహితులు నవ్వేసి వదిలేస్తారు. నా తప్పు కనపడితే మీ అక్కను చేసుకున్న దగ్గర్నుంచీ ఊరుకోనివాడివి నువ్వొక్కడివే. నాకేమైనా అయిందని తేలితే, నీ నోట్లోంచే తేలాలనుకున్నాను.”

ఇన్నాళ్ళూ తన చేదును బావ పురుగులా విదిలించుకుంటాడనుకున్నాడు రెక్సిను. దాన్ని దాచిపెట్టుకుని, అవసరానికి వాడుకుంటాడని అనుకోలేదు. చెయ్యి చాపి, “తాళం ఇలా ఇవ్వు,” అన్నాడు.

షాపు వ్యాను తప్ప మరొకటి నడిపి ఎరగనివాడు ఆ నీలం కారును దూడను తోలినట్టు తోలుకొచ్చాడు. బావ పక్క సీట్లో కూర్చుని, “ఒరేయ్ ఇది వ్యాను కాదురా, అంత తొక్కకు” అని రెండుసార్లు అన్నాడు. తరవాత మాట్లాడలేదు. రెక్సినుకు తిట్లే బాగున్నాయనిపించింది.

షోరూము కనపడుతుండగా అన్నాడు: “బావా, గీత పెట్టింది నేనేనని చెబుతాను. అలవాటు లేని బండి కదా, నమ్ముతారు. నీ మాట ఎవరికీ తెలియక్కర్లేదు.”

బావ తల తిప్పి అతని వైపు చూశాడు.

ముందు అద్దాల హాల్లోంచి షోరూము అమ్మాయి చిరునవ్వుతో ఎదురొచ్చింది. గీత చూసి చిరునవ్వు సగంలో ఆగింది.

“నేనేనమ్మా,” అని రెక్సిను గబగబా అందుకున్నాడు. “చివర్లో సరదాపడి నేను పట్టుకున్నాను. కోన్లకి తగిలించాను. తప్పు నాదే.”

“పర్లేదు సార్, ఇన్సూరెన్సు ఉంటుంది,” అంది అమ్మాయి, ఊపిరి వదిలి. “ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా? రండి సార్, కూర్చోండి. మరి పెద్ద సార్‌కి ఏది నచ్చింది?”

అంతే. అయిపోయింది. ఒక్క మాటతో అంతా కప్పుకుపోయింది. బావ తెల్ల కారు దగ్గరికి నడిచి, దాని తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ‘ఇదే’ అంటే చాలు. వచ్చే నెల అక్క పెట్టె దాని వెనక సీట్లో ఉంటుంది. అక్క పక్క సీట్లో ఉంటుంది. ఆ పక్కే. రెక్సినుకు అప్పుడు తట్టింది, తను మంచి చెయ్యబోయి ఏం చేశాడో. బావ వైపు ఒకడుగు వేశాడు.

“వాడు కాదమ్మా,” అన్నాడు బావ.

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“గీత పెట్టింది నేను. తప్పు నాది. ఈ పక్క నాకు కనపడ్డం లేదు. నిన్న సైకిలు మీద ఓ పిల్లని కూడా చూళ్ళేదు. వీడు అరిచాడు కాబట్టి...” తెల్ల కారు తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. “మీ కార్లలో లోపం లేదు. రెండూ బంగారాలే. నిన్నటిది మా ఆవిడకి, ఇవాళ్టిది నాకు. కానీ ఏదీ తీసుకోలేను. నీ రెండు రోజులూ పాడుచేశానమ్మా.”

అమ్మాయి లోపలికెళ్ళి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. ఒక గ్లాసు బావకు కనపడే వైపు నుంచి అందించింది.

వీధి చివర ఆపిన వ్యాను దాకా ఇద్దరూ నడిచారు. రెక్సిను బావకు ఆ పక్కన నడిచాడు, దారిలో స్తంభాలు తగలకుండా. వ్యాను నిండా జిగురు వాసన, తెగిన తోలు ముక్కలు. వాటిని పక్కకు నెట్టి బావ కూర్చోగానే ఫోను మోగింది. అక్క.

“ఏ కారు బాగుందండీ?” స్పీకరు పెట్టక్కర్లేకుండానే వినిపించే గొంతు.

బావ కళ్ళు మూసుకున్నాడు. “రెండూ బాగున్నాయే. నాకే బాలేదు.”

తరవాత అన్నీ చెప్పాడు. గుమ్మాలు, గ్లాసులు, సైకిలు, కోన్లు. రెక్సిను స్టీరింగు పట్టుకుని, వ్యాను కదపకుండా కూర్చున్నాడు.

“తమ్ముడికివ్వండి,” అంది అక్క.

రెక్సిను ఫోను అందుకున్నాడు.

“ఏరా, తిట్టావా ఆయన్ని?”

“తిట్టానక్కా.”

“గట్టిగానే?”

“గట్టిగానే.”

“సరే. ఇక చాలు.” ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “ఇంటికి తీసుకురావద్దు. తిన్నగా కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళు. నేనూ అక్కడికే వస్తున్నాను. ఆయన మధ్యలో దిగిపోతానంటే మాత్రం దింపకు.”

“దింపనక్కా,” అని రెక్సిను వ్యాను స్టార్టు చేశాడు.